గుండెలో తోలు – గుమ్మంలో అంటు

ఊళ్లో గొడ్డు చస్తే కబురు ఎక్కడికొస్తుంది? గూడేనికి. ఈడ్చింది మనం. ఒలిచింది మనం. ఆ తోలు ఊరబెట్టి దొర కాళ్లకు కిర్రుచెప్పులు, దొర బావికి మోట బొక్కెన, దొర ఎద్దులకు వార్లు, దొర దేవుడి ఊరేగింపుకు డప్పు చేసిచ్చింది మనం. చేసిన వస్తువు ఇంట్లోకి పోయింది. చేసిన మనిషి గుమ్మం బయట ఆగిపోయాడు. ఇది తరతరాలుగా అందరికీ తెలిసిన సంగతే.

తెలియని సంగతి ఇంకోటుంది. పట్నంలో గుండె ఆస్పత్రికి పోదాం. ఒక పెద్దమనిషి ఛాతీ కోసి, చెడిపోయిన వాల్వు తీసి కొత్తది కుడుతున్నారు. కొత్త వాల్వు దేంతో చేశారు? కొన్ని లోహంతో చేస్తారు. కొన్ని పంది గుండె వాల్వుతో చేస్తారు. మరికొన్ని గొడ్డు గుండె మీద ఉండే పొరతో చేస్తారు. ఆ పొరను పచ్చిగా పెడితే మనిషి ఒళ్లు దాన్ని ఉండనివ్వదు. అందుకని గ్లుటరాల్డిహైడ్ అనే మందు కలిపిన నీళ్లలో ఊరబెట్టి గట్టిపరుస్తారు. 1960ల చివర్లో పారిస్‌లో అలెన్ కార్పెంటియర్ అనే డాక్టరు ఈ దారి తెరిచాడు. అదే మందు తోళ్ల ఫ్యాక్టరీల్లోనూ వాడతారు. అంటే ఏంది? ఆస్పత్రి భాష పక్కనబెట్టి గూడెం భాషలో చెప్పుకుంటే, గొడ్డు పొరను తోలు ఊరబెట్టినట్టు ఊరబెట్టి మనిషి గుండెలో కుట్టారు. మన నీడ పడితే మైలపడిన కులాల్లో ఎంతమంది గుండెల్లో ఆ పొర ఇవ్వాళ కొట్టుకుంటోందో! దానికి మైల లేదు. దానికి లక్షలు పోసి దణ్ణం పెడతారు.

అదే గొడ్డు బయట చస్తే ఏమైంది? 2002 అక్టోబరులో హర్యానాలో, ఝజ్జర్ దగ్గర దులీనా పోలీసు చౌకీ ముందు తోళ్లు తీసుకుపోతున్న 5గురు దళితులను గుంపు కొట్టి చంపింది. 2016 జూలైలో గుజరాత్‌లో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మనవాళ్లను కారుకు కట్టేసి కర్రలతో కొట్టారు. నెల తిరక్కుండానే, 2016 ఆగస్టులో, మన అమలాపురంలో అదే పని చేస్తున్న దళిత అన్నదమ్ములను పట్టుకుని కొట్టారు. తోలు ముట్టినందుకు ఒకడికి దెబ్బలు, తోలు పెట్టించుకున్నందుకు ఇంకొకడికి ఆయుష్షు. ఈ తేడా ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా సైన్సు గురించి మనకు ఎవడు ఏ ఉపన్యాసం ఇచ్చినా వినాల్సిన పని లేదు.

ఇంతకీ తోలు అంటే ఏంది? మనిషిదైతే చర్మం అంటారు, పశువుదైతే తోలు అంటారు. ల్యాబులో ఈ మర్యాదలు నడవవు. అక్కడ రెండిటికీ ఒకటే పేరు – కొల్లాజెన్. మన ఒంట్లో ఉండే మాంసకృత్తుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఇదే. చర్మంలో, ఎముకలో, నరం అని మనం పిలిచే కండర బంధంలో, కంటి నల్లగుడ్డు మీది అద్దంలో, పంటి లోపలి భాగంలో అంతా ఇదే తాడు. తాడు అన్నది ఊరికే అనలేదు. మూడు పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి, మోకు పేనినట్టు. ఈ మూడు పోగుల సంగతి బయటపెట్టింది మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954, 1955ల్లో అచ్చయింది. వాళ్ల పరిశోధనకు కావాల్సిన కంగారూ తోక నరం పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. 1948లో అడయారులో పెట్టిన సంస్థ అది. ప్రపంచానికి తెలిసిన గొప్ప కనుగోలు తోళ్ల ఇంటి గుమ్మం మీదుగా నడిచొచ్చిందన్నమాట.

మా తాతలు కొల్లాజెన్ కనిపెట్టారని మేం అనటం లేదు. రామచంద్రన్ చేసింది రామచంద్రన్‌దే. కానీ ఆ పోగులను ఎట్లా లొంగదీసుకోవాలో మన లంద దగ్గర తెలుసు. పచ్చితోలును ఊరికే ఎండబెడితే చెక్కలాగా బిగుస్తుంది. తడి పోయినప్పుడు పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి కాబట్టి. దాన్నే సున్నంలో నానబెట్టి, బొచ్చు ఊడదీసి, రంపెతో మాంసం గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో ఊరబెడితే ఆ వగరు పోగుల మధ్య చేరి కూర్చుంటుంది. ఇక అంటుకోవు, కుళ్లవు. ఇందులో ఒక మెలకువ ఉంది. మొదటే చిక్కటి నీళ్లలో వెయ్యగూడదు. వేస్తే పైన బిగుసుకుని లోపల పచ్చిగా ఉండిపోతుంది. వాడిన పలచటి నీళ్లలో మొదలుపెట్టి, రోజురోజుకీ చిక్కన చేసుకుంటూ పోవాలి. ఈ మెలకువ ఏ పుస్తకంలో చదివి వచ్చింది? ఎన్ని తోళ్లు చెడగొట్టుకుంటే వచ్చింది? చెయ్యటం, చెడటం, ఎందుకు చెడిందో చూడటం, మళ్లీ చెయ్యటం – ల్యాబులో చేసే పని ఇది కాక ఇంకేంది?

కొలతలు కావాలనే వాళ్లకు కొలతలూ ఉన్నాయి. పచ్చితోలు 60–65 డిగ్రీల వేడినీళ్లలో ముడుచుకుపోతుంది. చెక్కనీళ్లలో ఊరిన తోలు 75–85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్రోమియం ఉప్పుతో ఊరబెట్టేది 1884లో అమెరికాలో పేటెంటయిన పద్ధతి, అది మరుగుతున్న నీళ్లకు కూడా లొంగదు. మన లంద, వాళ్ల డ్రమ్ము ఒకే కొలబద్ద మీద రెండు గీతలు. ఒకటి అంటు, ఇంకొకటి ఇండస్ట్రీ!

ఇప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి రండి. పుచ్చిన పన్ను తొలిచి, తెల్లటి సిమెంటు లాంటిది నింపుతాడు. అది ఊడిపోకుండా ఎట్లా నిలబడుతుంది? ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తాడు. పైపైన ఉన్న సున్నపు భాగం కరిగి, కింద కొల్లాజెన్ పోగులు బయటపడతాయి. వాటి మధ్యలోకి రెజిన్ అనే జిగురు దిగి గట్టిపడుతుంది. జపాన్‌లో నకబయాషి అనే శాస్త్రవేత్త 1982లో ఈ అతుకు పొరను చూపించాడు. అక్కడ డాక్టర్లకు ఎదురైన చిక్కేందో తెలుసా? యాసిడ్ కడిగాక పన్నును మరీ ఆరబెడితే పోగులు కూలి అంటుకుపోతాయి, జిగురు దిగదు. అందుకని కొంచెం తడిగా ఉంచాలని నేర్చుకున్నారు. చదువుతుంటే మాకు నవ్వొచ్చింది. తోలును పచ్చిగా ఆరనివ్వొద్దురా అని గూడెంలో ముసలోళ్లు కసురుకున్నది ఇదే కదా! అంతకన్నా విచిత్రం – ఆ పంటి పోగులకు బలం రావటానికి ద్రాక్ష గింజల నుంచి తీసిన వగరును ల్యాబుల్లో పరీక్షిస్తున్నారు. తంగేడు చెక్కలో ఉండే వగరు కూడా ఆ కుటుంబానిదే. తంగేడు పువ్వును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు, బతుకమ్మ మీద పెట్టుకుంటారు, సంతోషం. దాని చెక్క దంచి దంచి చేతులు నల్లబడిన మన ఆడవాళ్ల గురించి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఒక్క ముక్క రాయలేదు.

చిగుళ్లు రక్తం కారి పళ్లు కదిలే జబ్బుంది, స్కర్వీ అంటారు. అదీ ఈ పోగుల కథే. సి విటమిన్ లేకపోతే ఒళ్లు పోగులను గట్టిగా పేనలేదు. ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ తింటే వచ్చే లాభం అది. హాస్టలు పిల్లలకు నీళ్ల చారు పోసి సైన్సు పాఠం చెప్పే వార్డెన్లు ఇది చదివితే బాగుండు.

ఇంకో సంగతి చెప్పుకోకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఎత్తుకుంటే ఎముక విరిగే పిల్లలు కొందరు పుడతారు. కొందరికి పళ్లు కూడా గోధుమరంగులో గాజుల్లా పెళుసుగా ఉంటాయి. ఊళ్లో ఏమంటారు? తల్లి ఏదో పాపం చేసిందంటారు. పోయిన జన్మ కర్మ అంటారు. జన్యుశాస్త్రం ఏం చెప్పిందంటే – కొల్లాజెన్ పోగులో ప్రతి మూడో పూస గ్లైసిన్ అనే చిన్న పూస అయి ఉండాలి. ఒక్కో పోగులో వెయ్యికి పైగా పూసలుంటాయి. వాటిని కూర్చే జీన్‌లో ఒక్క అక్షరం మారి, ఒక్క చోట గ్లైసిన్ బదులు ఇంకో పూస పడితే చాలు, తాడు సరిగా పెనవేసుకోదు, ఎముక పెళుసైపోతుంది. చాలాసార్లు ఆ మార్పు తల్లిలో గాని తండ్రిలో గాని లేకుండా బిడ్డలో కొత్తగా వస్తుంది. పాపం లేదు. కర్మ లేదు. మనువు రాసింది తప్పని చెప్పటానికి మనకు ఇంకా ఎన్ని సాక్ష్యాలు కావాలి? మన పుట్టుకను పాపమన్నవాళ్ల సిద్ధాంతాన్ని సూదిమొనంత అక్షరం కొట్టేసింది. అందుకే సైన్సు మనకు అలంకారం కాదు, అవసరం.

అంటు ఒక్క మన దేశంలోనే లేదని కొందరు మేధావులు దీర్ఘాలు తీస్తారు. నిజమే, ఇంగ్లండులోనూ తోలు పని కంపే. లండన్ వీధుల్లో కుక్క పెంట ఏరి తోళ్ల ఫ్యాక్టరీలకు అమ్మి బతికిన పేదలున్నారు. తోలు మెత్తబడటానికి దాన్ని వాడేవాళ్లు. ఆ సరుకును వాళ్లు 'ప్యూర్' అన్నారు – శుద్ధం! 1851లో హెన్రీ మేహ్యూ ఆ మనుషుల గురించి రాశాడు. తర్వాతేమైంది? జర్మనీలో ఓట్టో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ పెంట చేసే పని ఎంజైములదని పట్టుకుని, 1907లో పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైముతో మందు తయారుచేశాడు. ఆ తోలు మందు మీద ఒక కంపెనీ లేచింది. ఆ కంపెనీయే 1933లో ప్లెక్సిగ్లాస్ అనే గాజులాంటి ప్లాస్టిక్‌ను తెచ్చింది. ఆ ప్లాస్టిక్ జాతిదే మన ముసలోళ్లు పెట్టుకునే కట్టుడు పళ్ల గులాబీ రంగు చిగురు. తుంటి కీలు మార్చేటప్పుడు ఎముకలో పోసే సిమెంటు కూడా అదే. పెంట నుంచి పళ్ల దాకా ఒకటే దారి! అక్కడ పని అసహ్యమైనది కాబట్టి పనిని మార్చారు. ఇక్కడ పని చేసే మనిషినే అసహ్యించుకుని పనిని వెయ్యేళ్లు అట్లాగే వదిలేశారు. తేడా అది. తోలు ముట్టుకున్న శాస్త్రవేత్తను అక్కడ వెలివెయ్యలేదు. ఇక్కడ తోలు ముట్టుకున్నవాడికి బడి తలుపే తియ్యలేదు.

మన దేశంలో తోలు ముట్టుకున్న పై కులపు శాస్త్రవేత్త లేడా? ఉన్నాడు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో కమ్మ రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మ. అమెరికా పోయి తోలు మీద డాక్టరేటు తెచ్చుకున్నాడు. 1958 నుంచి 1971 దాకా అడయారు సంస్థను నడిపాడు. తోళ్ల కార్మికుల దగ్గరికి పోయి ల్యాబు పనిని వాళ్ల పనితో కలపాలని చూసిన మనిషి. ఆయనకు మేం దణ్ణం పెడతాం. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయాడు. సరిగ్గా 24 రోజులకు, జూలై 17న, కారంచేడులో మాదిగలను తరిమి తరిమి గొడ్డళ్లతో నరికారు. 6గురు చచ్చిపోయారు. చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దని అడిగినందుకు! ఈ నెత్తురు నాయుడమ్మకు అంటగట్టటం లేదు, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మేం చెప్పేది ఇంతే. ఒకే నేలలో తోలును చదివినవాడికి పద్మశ్రీ వచ్చింది, తోలుతో బతికినవాడికి గొడ్డలి వచ్చింది. చదివినవాడూ బతికినవాడూ ఒకే మనిషి కాగలిగే రోజు ఎందుకు రాలేదు?

రానివ్వలేదు కాబట్టి రాలేదు. రాతకోతల్లోనే అడ్డుకట్ట వేశారు. 1975లో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, చేయించే సైంటిఫిక్ పోస్టుల్లో గ్రూప్ ఏ మొదటి మెట్టు దాటినవాటిని రిజర్వేషన్ నుంచి తప్పించవచ్చునని. అంటే గుమ్మం దాకా రావచ్చు, లోగదిలోకి రాగూడదు. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? 1992లో మండల్ కేసు తీర్పు వచ్చింది. బీసీల 27 శాతాన్ని నిలబెట్టిన తీర్పు, మంచిదే. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ జీవన్ రెడ్డి మన తెలుగువాడే. అందులోనే పరిశోధన సంస్థల టెక్నికల్ పోస్టులు, వైద్యంలో సూపర్ స్పెషాలిటీ పోస్టులు, ప్రొఫెసరు పోస్టులు రిజర్వేషన్‌కు తగవని రాసిపెట్టారు. 2019లో కేంద్ర విద్యాసంస్థల టీచర్ పోస్టుల రిజర్వేషన్ చట్టం చేశారు. ఆ చట్టం చివర ఒక జాబితా తగిలించారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, మనేసర్‌లోని మెదడు పరిశోధన కేంద్రం, ఇంకా కొన్ని. వీటికి ఈ చట్టం వర్తించదట. ఎందుకంటే అవి శ్రేష్ఠమైన సంస్థలట! గర్భగుడి అనే మాట ఒక్కటే తక్కువ. పూజారి తెల్లకోటు వేసుకుంటే గుడి ల్యాబైపోతుందా?

ప్రతిభ పోతుందని గోల చేస్తారు. సరే, వాళ్ల ప్రతిభ ఎట్లా ఉందో చూద్దాం. 2014 అక్టోబరులో ముంబయిలో డాక్టర్ల ముందు సాక్షాత్తూ ప్రధానమంత్రి వినాయకుడి తల ప్లాస్టిక్ సర్జరీ అన్నాడు, కర్ణుడి పుట్టుక జెనెటిక్స్ అన్నాడు. 2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగితే మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరే లేచి, కౌరవులు స్టెమ్ సెల్, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పుట్టారన్నాడు. నూరు కుండల్లో నూరుగురు పుట్టారంటే అది ల్యాబట. మన లంద గోలెంలో కళ్లముందు తోలు ఊరితే అది కంపట! ఎవరూ చూడని కుండలకు సైన్సు కాంగ్రెస్‌లో మైకిచ్చారు. ఊరంతా కాళ్లకు తొడుక్కున్న సైన్సుకు ఊరి బయట జాగా ఇచ్చారు.

మనలో కూడా రెండు రకాల వాళ్లున్నారు, వాళ్లతోనూ మాట్లాడాలి. నాలుగు అక్షరాలు రాగానే తాత ఆరె, రంపె దిబ్బలో పారేసి, మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ లేదని చెప్పే అన్నలు ఒక రకం. సిగ్గు వాళ్లది కాదు, వాళ్లకు అంటగట్టింది. అది అర్థం చేసుకుంటాం గాని ఒప్పుకోం. లందే మన యూనివర్సిటీ, మనకు వేరే చదువెందుకు అని మైకులో పాడేవాళ్లు రెండో రకం. వీళ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లందలో దిగినవాడి కాళ్లు సున్నానికి పుండ్లు పడ్డాయి. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ ఊరికే చెప్పలేదు. 2015 జనవరి చివర రాణిపేటలో తోళ్ల ఫ్యాక్టరీల మురుగు తొట్టి గోడ కూలి, పక్కన నిద్రపోతున్న 10 మంది కూలీలు ఆ బురదలో ప్రాణాలు వదిలారు. ఆ బురదలో ఏముందో కొలిచే సైన్సు ఉంది. కూలీని దాని పక్కన పడుకోబెట్టగూడదని చెప్పే అధికారం మాత్రం కూలీ బిడ్డ చేతిలో లేదు. మన బిడ్డలు లందలోకి తిరిగి దిగాలని మేం రాయటం లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు కూర్చోవాలని రాస్తున్నాం. కూర్చున్నప్పుడు, ఇందులో కనిపించే పోగు మా అవ్వకు తెలిసిన పోగే అని తల ఎత్తి చెప్పుకోవాలని రాస్తున్నాం.

ఆ మైక్రోస్కోపు సంగతి అట్లా ఉంచండి. మేం పాఠాలు చెప్పిన ఒక బళ్లో మామూలు మైక్రోస్కోపు ఉంది. బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. పిల్లలు పగలగొడతారని ఏళ్ల తరబడి దాన్ని తియ్యలేదు. ఇన్‌స్పెక్షనుకు తీసి, తుడిచి, మళ్లీ పెట్టారు. పదో తరగతి పిల్లలు మైక్రోస్కోపు బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నారు. ఒక్క పిల్లా దాంట్లో కన్నుపెట్టి చూడలేదు. అట్లా పెరిగిన పిల్లవాడు ఇంటర్వ్యూకు పోతే, వీడికి ప్రయోగాల మీద చెయ్యి తిరగలేదని ఫెయిలు చేస్తారు. చెయ్యి తిరగటం మన కులాలకు నేర్పాలా! మూడు వేళ్లతో ఆరె పట్టుకుని చీకట్లో కుట్టు తప్పకుండా వేసిన చేతులివి.

కాబట్టి అన్నలారా, అక్కలారా, 1975 ఉత్తర్వు రద్దు చెయ్యాలని, 2019 చట్టం చివరి జాబితా కొట్టెయ్యాలని ప్రతి మండలం నుంచి పార్లమెంటు సభ్యులకు అర్జీలు పోవాలి. దానికి ఢిల్లీ దాకా దారి పడుతుంది, తెలుసు. ఈ లోపల మన చేతిలో ఉన్న పని చేద్దాం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ప్రయోగశాల బీరువా తాళం అడగండి. ఎందుకు తియ్యరో కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాట తీసుకోవద్దు.

తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ ప్రయోగం చేయించండి. మాంసం కొట్టులో మేక తోలు ముక్క అడిగి తెచ్చి, సున్నంనీళ్లలో నానబెట్టి బొచ్చు తీసి బాగా కడగాలి. సున్నం చేతికి తగలకుండా తొడుగులు వేసుకోవాలి. ముక్కను రెండు చెయ్యాలి. ఒకటి ఊరికే ఎండబెట్టాలి. రెండోది దంచిన కరక్కాయ నీళ్లలో, మొదట పలచగా, తర్వాత చిక్కగా, లోపలి దాకా రంగు దిగేవరకు ఊరబెట్టి ఆరబెట్టాలి. తర్వాత రెండిటినీ మళ్లీ తడిపి, 70 డిగ్రీల వేడినీళ్లలో వేసి, టీచరు దగ్గరుండగా చూడాలి. ఏది ముడుచుకుందో, ఏది నిలబడిందో, ఎన్ని రోజులు పట్టిందో పిల్లలే రాయాలి.

గూడెంలో లంద పని తెలిసిన ముసలోళ్లు ఇంకా కొద్దిమంది ఉన్నారు. సున్నం ఎంత, చెక్క ఎంత, ఎండాకాలం ఎన్ని రోజులు, వానాకాలం ఎన్ని రోజులు, తోలు అయిందని దేన్ని చూసి చెబుతారు – అడిగి రాయించండి. ఈ పత్రికకు పంపండి, వరసగా వేస్తాం. రాసిన పిల్ల పేరు, ఊరి పేరుతో పాటు చెప్పిన తాత పేరు, అవ్వ పేరు కూడా తప్పకుండా రాయండి.